నా మచ్చ, గుడ్డ మచ్చ

నా కుడికంట్లో ముగ్గురు కాపురం పెట్టి ఏడు నెలలైంది. పిలవకుండా వచ్చారు, పొమ్మన్నా పోరు. ఒకడు ఉంగరంలా గుండ్రంగా ఉంటాడు, మధ్యలో బోలు, అంచు నలుపు. వాడికి పెద్దాయన అని పేరు పెట్టాను. రెండోది పోగు. సన్నటి నల్ల దారం ముక్క, ఒక కొస కాస్త వంకర. మూడోది బూజు. దానికి ఒక ఆకారమంటూ లేదు, మసగ్గా ఊగుతూ ఉంటుంది, అంతే. నేను ఎటు చూస్తే ముగ్గురూ అటే వస్తారు. చూపు ఆపితే మెల్లగా కిందికి జారతారు, కన్ను తిప్పగానే ఎగిరొచ్చి మళ్లీ ఎదురుగా కూర్చుంటారు. ఎండలో కళ్లు మూసుకున్నా రెప్పల వెనక ఎర్రటి వెలుగులో పెద్దాయన తిరుగుతూనే ఉంటాడు.

ఇలాంటివి చాలామందికి ఉంటాయట. మా వీధి మందుల షాపతను చుక్కల మందు ఇస్తూ, "నాకూ ఉన్నాయండీ, ఎవరు పట్టించుకుంటారు!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అతనికేం, రోజంతా డబ్బాల మీద పేర్లు చదువుకుంటాడు. నేను చూసేది తెల్లటి గుడ్డ. దాని వెనక దీపాలు పెట్టి మరీ చూస్తాను.

నాది బట్టల మిల్లులో చెకింగ్ పని. మగ్గాల మీద నేసిన గుడ్డ తానులు తానులుగా మా గదికి వస్తుంది. ఏటవాలుగా నిలబెట్టిన గాజు బల్ల, దాని వెనక ట్యూబులైట్లు. ఆ గాజు మీదుగా గుడ్డ పై నుంచి కిందికి జారుతూ ఉంటుంది. ముందు నిలబడి పోగు తెగిందా, ముడి పడిందా, నూనె చుక్క అంటిందా అని కళ్లలో వత్తులు వేసుకుని చూడాలి. లోపం కనిపిస్తే కాలి కింద పెడలు తొక్కాలి, గుడ్డ ఆగుతుంది. అంచు దగ్గర ఎర్ర బాణం గుర్తు అంటించి, కాగితం మీద రాసి, పెడలు వదలాలి. తాను పూర్తయ్యాక కొసన మన నంబరు ముద్ర కొట్టాలి. నాది ఏడు. ఇరవై రెండేళ్లలో ఏడో నంబరు తాను ఒక్కటి కూడా తిరిగి రాలేదు. అందుకే గదిలో నన్ను భూతద్దం అంటారు. పైకి విసుక్కుంటాను గానీ ఆ పేరంటే నాకు చాలా ఇష్టం.

ఆ బల్ల ముందు పెద్దాయనకి పట్టపగ్గాలుండవు. వెలుగు ఎంత తెల్లగా ఉంటే వాడు అంత నల్లగా తేలతాడు. మొదటి వారం లేని మచ్చలకి బాణాలు అంటించాను. పెడలు తొక్కడం, వంగి చూడటం, అక్కడేమీ లేకపోవడం. పక్క బల్ల ఎనిమిదో నంబరు అమ్మాయిని మేం రేడియో అంటాం, డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా దాని నోరు ఆగదు కాబట్టి. "ఏంటక్కా, ఇవాళ గుడ్డకి తట్టు పోసిందా? అన్ని బాణాలు అంటించావ్!" అని నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత ఒక ఉపాయం కనిపెట్టాను. అనుమానం వచ్చిన చోట కన్ను కదపకుండా నిలబెడతాను. గుడ్డ కదులుతూనే ఉంటుంది. మచ్చ గుడ్డతో పాటు కిందికి పోతే అది గుడ్డది. పోకుండా నా ఎదుటే నిలబడితే అది నాది. పెద్దాయన కూడా కిందికి జారతాడు గానీ వాడిది బద్ధకపు నడక, గుడ్డ వేగం అందుకోలేడు. గుడ్డ మచ్చకి పెడలు, నా మచ్చకి ఒక తిట్టు. ఏడు నెలలు ఇలాగే నెట్టుకొచ్చాను. డ్యూటీ దిగేసరికి కన్ను పీకేది, తల దిమ్మెక్కేది. ఇంటికొచ్చి గోడకి మొహం పెట్టి కూర్చునేదాన్ని. గోడ మీద కూడా వాళ్లే.

ఇంతదాకా విన్నవాళ్లెవరైనా ఎడమకన్ను ఉంది కదా అంటారు. ఉంది. చూడటానికి కుడికన్ను లాగే ఉంటుంది, మెల్ల లేదు, పువ్వు లేదు. కానీ పుట్టినప్పటి నుంచి అది చూడటం నేర్చుకోలేదు. బద్ధకపు కన్ను అని చిన్నప్పుడు ఎవరో డాక్టరు చెప్పాడు. దాంతో చూస్తే తలుపు తలుపని తెలుస్తుంది, మనిషి మనిషని తెలుస్తుంది. ఏ మనిషో తెలియదు. "ఎవరికీ చెప్పకు" అంది అమ్మ. చెప్పలేదు. పెళ్లి మాటలప్పుడు చెప్పలేదు. పెళ్లయ్యాక చెప్పడానికి ఒక మంచి సమయం కోసం చూశాను. చూస్తూ చూస్తూ ఉండగానే ఇరవై నాలుగేళ్లు గడిచిపోయాయి.

మిల్లులో చేరేటప్పుడు కంటి పరీక్ష పెట్టారు. ఏటేటా పెడతారు. నర్సమ్మ ఎడమకన్ను మూసి చదవమంటుంది. ఎడమచేత్తో ఎడమకన్ను మూసి కింది వరస దాకా గడగడా చదువుతాను. ఇప్పుడు కుడికన్ను మూసుకోమంటుంది. చెయ్యి మారుస్తాను, కన్ను మార్చను. కుడిచేత్తో మళ్లీ ఎడమకన్నే మూసి, అదే పాఠం మళ్లీ చదువుతాను. ఆవిడ కాగితం మీద నుంచి తలెత్తదు. ఇరవై రెండేళ్లు ఇరవై రెండుసార్లు ఇదే నాటకం. చెకింగ్ బల్లకి రెండు కళ్లూ సరిగ్గా ఉండాలని రూలు. భూతద్దానికి ఉన్నది ఒక్క కన్నని తెలిస్తే ఆ సాయంత్రమే నంబరు లాక్కుంటారు.

రెండు వారాల కిందటి శుక్రవారం ఒక్కదాన్నే కంటి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు మెల్లగా మాట్లాడే మనిషి. కంట్లో చుక్కలు వేసి, అరగంట కూర్చోబెట్టి, దీపం పెట్టి లోపలంతా వెతికాడు.

"ఇవి ప్రమాదం కాదమ్మా. కంటి లోపల జిగురులాంటిది ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అది అక్కడక్కడా ముద్ద కడుతుంది. ఆ ముద్దల నీడలే మీకు కనిపించేవి. చాలామందికి అలవాటైపోతాయి."

"ఏడు నెలలైందండీ. నేను వాటికి అలవాటయ్యాను. అవి నాకు అవ్వలేదు."

ఆయన నవ్వాడు. "ఆపరేషన్ ఉంది. సన్నటి రంధ్రాలు పెట్టి ఆ జిగురు తీసేసి నీళ్లలాంటిది నింపుతాం. మచ్చలు పోతాయి." అని కాగితం తిరగేశాడు. ఎడమకంటి సంగతి రాసిన చోటికి రాగానే గొంతు తగ్గింది. "కానీ వెనక పొర చిరగొచ్చు, ఊడొచ్చు. చీము పట్టొచ్చు. అరుదేలెండి. శుక్లం మాత్రం తొందరగా వస్తుంది, దానికి మళ్లీ ఇంకో ఆపరేషను. రెండు కళ్లూ బాగున్నవాళ్లకే ఒకటికి పదిసార్లు ఆలోచించుకోమంటాను. మీకున్నది ఒక్కటి."

"అంటే వద్దంటారా?"

"వద్దనే అంటాను. కానీ మీ పనేంటో చెప్పారు కదా. ఈ పని మానలేను, ఇలా బతకలేను అని మీరే అంటే చేస్తాను. అడగాల్సింది మీరు."

నాకు ఎంత కోపం వచ్చిందో! వద్దంటే వద్దని గట్టిగా చెప్పాలి, చేస్తానంటే చేస్తానని చెప్పాలి. కత్తి తన చేతిలో ఉంచుకుని నిర్ణయం నా నెత్తిన పెట్టాడు. బయట కౌంటరులో అమ్మాయి, వచ్చే గురువారం ఎవరో మానుకున్నారని, అది కాదంటే మళ్లీ నాలుగు నెలల దాకా ఖాళీ లేదని చెప్పింది. "బుధవారం సాయంత్రం ఐదులోపు ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పండి ఆంటీ" అంది. దానికి ఏదో ఒకటే.

మా ఆయన స్కూలు బస్సు డ్రైవరు. ఏ విషయమైనా రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. మచ్చల సంగతి, ఆపరేషన్ సంగతి చెప్పాను. ఎడమకన్ను సంగతి తప్ప అన్నీ చెప్పాను.

"చేయించుకో. దానికింత ఆలోచనేంటి?" అన్నారు.

"కన్ను పోవచ్చంటున్నారండీ."

"పోతే పోతుంది, ఇంకోటుందిగా! ఒంటికన్నుతో ఎంతమంది బతకట్లేదు? నీకు భయం. అది ఒప్పుకో ముందు."

"అవును, భయమే."

"ఒప్పుకున్నావ్ కదా, సగం పని అయిపోయింది" అని ఆయన హాయిగా నవ్వి టీ తాగారు. ఇంకోటుందిగా అన్న మాట ఆ రోజు నుంచి నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

సోమవారం మూడు తానులు వెనక్కి వచ్చాయి.

సూపర్‌వైజరు వాటిలో ఒకదాన్ని బల్ల మీద పరిచి అందర్నీ పిలిచాడు. గుడ్డలో పొడుగునా పోయే పోగుల్ని పడుగు అంటారు. ఆ పడుగులో ఒకచోట సన్న పోగు పడాల్సింది లావు పోగు పడింది. దాంతో గుడ్డ మధ్యలో మొదటి నుంచి చివరిదాకా ఒకటే గీత, పెన్సిలుతో గీసినట్టు. ఒక తానులో కాదు, ఒకే మగ్గం నుంచి వచ్చిన మూడింటిలోనూ. కొసన ముద్ర చూపించాడు. ఎనిమిది.

"ఇంత పొడుగు గీత! చేత్తో తడిమితే తెలుస్తుంది! నిద్రపోయావా అమ్మా?" అని రేడియో మీద పడ్డాడు.

రేడియో నోరు తెరవలేదు. నా జన్మలో మొదటిసారి చూశాను అది మాట్లాడకుండా ఉండటం. ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది.

ఆ చూపు ఎందుకో నాకు తెలుసు. అంతకు పన్నెండు రోజుల ముందు దాని పాపకి జ్వరమని ఫోనొచ్చింది. పర్మిషన్ అడిగితే ఆ పూట జీతం పోతుంది, మాటా పడాలి. మా గదిలో ఒక పద్ధతుంది. ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే వెనక తలుపు గుండా జారుకుంటారు, పక్క బల్లవాళ్లు వాళ్ల మిగిలిన తానులు చూసి, వాళ్ల నంబరే కొట్టేస్తారు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఆ రోజు రేడియో వెళ్లిపోయాక మిగిలిన మూడు తానులు చూసింది నేను. ఎనిమిదో నంబరు ముద్ర కొట్టింది నేను.

"మీరు చూడండి భూతద్దం గారూ. మీరైతే వదిలేవారా దీన్ని?" అన్నాడు సూపర్‌వైజరు.

వంగాను. దీపాల ముందు గీత నల్లగా, నిటారుగా ఉంది. ఆయన గుడ్డను కిందికి లాగి చూపిస్తున్నాడు, గుడ్డ జారుతోంది, గీత మాత్రం జరగడం లేదు. ఎలా జరుగుతుంది, పొడుగునా ఉన్న గీత కదా! గుడ్డ ఎంత పరుగెత్తినా అది చూపుకి అక్కడే నిలబడి ఉంటుంది. నిలబడి ఉంటే నాది. అదీ నా ఉపాయం. అప్పుడు గుర్తొచ్చింది. రేడియో వెళ్లిపోయిన ఆ సాయంత్రం నేను ఈ గీతను చూశాను. చూసి తిట్టాను కూడా. ఏమే పోగూ, ఇవాళ వంకర పోయి నిటారుగా నిలబడ్డావేంటే అని. మూడు తానుల పొడుగునా తిడుతూనే ఉన్నాను.

"ఏమంటారు?" అన్నాడు మళ్లీ.

"వదలనండి" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. సూపర్‌వైజరు రేడియో దగ్గర ముద్ర తీసేసుకున్నాడు. బుధవారం మేనేజరు వచ్చి తేలుస్తారని, అందాకా బల్ల ముట్టుకోవద్దని చెప్పాడు.

చేతులు కడుక్కునే చోట రేడియో నా పక్కన నిలబడింది. "నేను లేనని చెప్తే ఇద్దరం పోతాం అక్కా. నువ్వుండు. అయినా నువ్వు చూశాక కూడా తప్పించుకుందంటే అది మామూలు లోపం కాదులే, ఎవరు చూసినా దొరికేది కాదు" అంది. నన్ను ఓదార్చింది! నేను పంపు కట్టేయకుండానే వచ్చేశాను.

నిజం చెబితే కళ్లు పరీక్ష చేస్తారు, ఒక్క కన్నని బయటపడుతుంది, బల్ల పోతుంది, సాయంత్రానికి ఇంట్లోనూ తెలుస్తుంది. చెప్పకపోతే రేడియో పోతుంది. ఆపరేషన్ చేయించుకోకపోతే ఇవాళ మూడు తానులు, రేపు ముప్పై. చేయించుకుని అది వికటిస్తే ఇక చూసే పనే లేదు. ఎటు తిరిగినా గోడే, ఆ గోడ మీద కూడా పెద్దాయనే. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

మంగళవారం నాకు సెలవు. ఆయన పొద్దున్న ట్రిప్పుకి వెళ్లాక దూదీ, అతికించే టేపూ తీసుకుని అద్దం ముందు కూర్చున్నాను. వికటిస్తే ఎలా ఉంటుందో ఒకసారి బతికి చూద్దామనిపించింది. కుడికన్ను మూసి, దూది పెట్టి, వెలుగు చొరబడకుండా అడ్డంగా మూడు పట్టీలు వేశాను.

పెద్దాయన మాయమయ్యాడు. పోగు లేదు, బూజు లేదు. ఏడు నెలల తర్వాత ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. నిజం చెప్పాలంటే ఒక్క నిమిషం ప్రాణం లేచొచ్చింది.

తర్వాత అద్దంలోకి చూశాను. మొహం ఉండాల్సిన చోట కడిగిన పళ్లెంలా ఏదో ఉంది. లేచాను. గోడ గడియారం ఉంది, ముళ్లు లేవు. కిటికీ ఒక తెల్లటి చదరం. వంటింట్లోకి నడిచి వెళ్లగలిగాను, ఇరవై ఏళ్ల అలవాటు కదా, కాళ్లకి తెలుసు. గ్యాసు వెలిగించాను, మంట నీలంగా కదిలింది, కాస్త ధైర్యం వచ్చింది. ఉల్లిపాయ కోస్తే కత్తి గోటి మీద దిగి ఆగింది. గ్లాసులో నీళ్లు పోశాను. నీళ్లు పడుతున్న చప్పుడు వచ్చింది గానీ కాళ్లు తడిశాయి. గ్లాసు నేననుకున్న చోటికి జానెడు అవతల ఉంది. ఫోను తీసుకున్నాను, వెలిగే పలక తప్ప అందులో ఏమీ లేదు. ఆయన చొక్కా గుండీ ఊడి వారమైంది, సూదిలో దారం ఎక్కిద్దామని కూర్చున్నాను. సూదే కనిపించలేదు. అక్కడే, తడి నేల మీదే కూర్చుండిపోయాను.

తలుపు చప్పుడైంది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఆయన ఒక్కోసారి ఇంటికొస్తారు. ఆ సంగతే మర్చిపోయాను.

"ఏంటిది? కంటికేమైంది?"

గుమ్మంలో నీలం చొక్కా నిలబడి ఉంది. పైన గోధుమరంగు ముద్ద.

"ఏం కాలేదు. చూస్తున్నాను."

"ఏం చూస్తున్నావ్ నీళ్లన్నీ కింద పోసుకుని?"

"మీ మొహం. కనిపించట్లేదు."

వేళాకోళం అనుకున్నారు. "అది మూసుకుంటే ఎలా కనిపిస్తుందే? రెండో కంటితో చూడు."

"ఇదేనండీ రెండోది."

కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. నీలం చొక్కా కిందికి దిగింది. నేను మొత్తం చెప్పేశాను. అమ్మ మాట, పెళ్లి మాటలు, నర్సమ్మ ముందు చెయ్యి మార్చడం, డాక్టరు అన్నది, రేడియో, మూడు తానులు, వదలనండి అన్న మాట. మొహం కనిపించి ఉంటే చెప్పగలిగేదాన్ని కాదు. ముద్దకి చెప్పడం తేలిక.

"ఇరవై నాలుగేళ్లు" అన్నారు చివరికి. "ప్రతి ఏడూ స్కూలు తరఫున కళ్లు చూపించుకుని వచ్చి, నా చూపుకి తిరుగులేదన్నారని నీ ముందు గొప్పలు చెప్పుకునేవాణ్ని. నువ్వు నవ్వుతూ వినేదానివి."

"అవును."

"మొన్న ఇంకోటుందిగా అన్నాను."

"అన్నారు."

కోపమా, ఏడుపా, అసలు నా వైపు చూస్తున్నారా లేదా, ఆ ముద్ద ఏమీ చెప్పడం లేదు. ఇరవై నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఏం అనుకుంటున్నాడో తెలియలేదు. టేపు పట్టుకుని ఒక్క లాగు లాగాను. కనుబొమ్మ వెంట్రుకలు నాలుగు ఊడొచ్చాయి.

ముందు పెద్దాయన ఊగుతూ వచ్చాడు. తర్వాత పోగు, తర్వాత బూజు. బూజు వెనక ఆయన మొహం. పెద్దాయన సరిగ్గా ఆయన ముక్కు మీద కూర్చున్నాడు. ఆయన ఏడవడం లేదు. బస్సు ఇరుకు సందులో వెనక్కి తీసేటప్పుడు కింది పెదవి కొరుక్కుంటారు, అదే మొహం. ఆ మొహం చూసి నేను భోరుమన్నాను.

"ఇప్పుడేం చేస్తావ్?" అన్నారు.

"మీరే చెప్పండి. మీరు రెండు నిమిషాల్లో తేల్చేస్తారుగా."

"నాకు తెలీదు" అన్నారు. గుడ్డ తెచ్చి, నా చుట్టూ నీళ్లు తుడిచి, పిండి, మళ్లీ తుడిచారు. బస్సు టైమైందని భోజనం చేయకుండానే వెళ్లిపోయారు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

బుధవారం మేనేజరు రాకముందే సూపర్‌వైజరు గదికి వెళ్లాను.

"ఆ మూడు తానులు చూసింది నేను సార్. ఆ ముద్ర కొట్టింది కూడా నేనే."

"ఆ పిల్లని కాపాడటానికి చెప్తున్నారు. మీ కళ్లు తప్పుతాయా?"

"కళ్లు కాదు సార్. కన్ను."

నమ్మలేదు. నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఎడమకన్ను మూసుకోమంది, మూసుకుని అక్షరాల మధ్య పెద్దాయనను తప్పించుకుంటూ కింది దాకా చదివాను. కుడికన్ను మూసుకోమంది. ఈసారి చెయ్యీ మార్చాను, కన్నూ మార్చాను.

"చదవండి" అంది కాగితంలో రాసుకుంటూ.

"బోర్డు ఎక్కడుందండీ?" అన్నాను.

ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆవిడ తలెత్తింది.

చెప్పకుండా వెళ్లినందుకు రేడియోకి గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టి ముద్ర తిరిగి ఇచ్చేశారు. నా ముద్ర నేనే బల్ల మీద పెట్టాను. మేనేజరు పాత మనిషినని గెంటేయలేదు, మడతల గదికి మార్చాడు. బయటికొస్తుంటే సూపర్‌వైజరు నేల చూపులు చూస్తూ అన్నాడు, "ఆపరేషన్ చేయించుకున్నా మళ్లీ బల్ల దగ్గరికి రానివ్వరండీ. అది బాగైనా మీకున్నది ఒక్క కన్నే కదా" అని. తెలుసన్నాను.

సాయంత్రం నాలుగున్నరకి ఇంట్లో ఫోను ముందు కూర్చున్నాను. ఇక పని కోసమని సాకు లేదు. మిగిలింది నేనూ, వాళ్లు ముగ్గురూ. రేపు వెళ్తే వాళ్లు పోవచ్చు. పొద్దున్నే లేచి తెల్లటి ఆకాశం చూడొచ్చు, ఒక్క మచ్చ లేకుండా. ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను, దాహంలా పుట్టింది. వెంటనే నిన్నటి నీలం చొక్కా, గోధుమరంగు ముద్ద గుర్తొచ్చాయి.

ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు. నిన్నటి నుంచి మా మధ్య పొడి మాటలే. "ఫోను నేను చెయ్యనా?" అన్నారు.

"ఏమని చెప్తారు?"

నేను ఆయన మొహాన్నే చూస్తూ కూర్చున్నాను. బూజు దాని మీదుగా ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతోంది. బూజు పక్కకి జరిగినప్పుడల్లా కొత్త సంగతి కనిపిస్తోంది, కళ్ల కింద వాపు, గడ్డం గీసుకోకపోవడం, నా మీద ఇంకా తగ్గని కోపం, కోపంతో పాటు ఇంకేదో. ఐదుకి ఎనిమిది నిమిషాలుంది. ఫోను చేశాను.

"రావట్లేదమ్మా" అన్నాను.

"పోనీ నాలుగు నెలల తర్వాతకి పెట్టమంటారా ఆంటీ?"

"వద్దు. అప్పటికైనా నాకుండేది ఈ ఒక్కటే."

అర్థం కాక ఆ పిల్ల సరేనంది. ఫోను పెట్టేశాను. గెలిచినట్టు లేదు, బయటపడ్డట్టు లేదు. తలుపు నా చేత్తో నేనే లోపలి నుంచి గడియ వేసుకున్నట్టుంది. ఆయన లేచి చొక్కా మార్చుకోవడానికి వెళ్లారు. వెళ్తూ దీపం తగ్గించారు. తక్కువ వెలుగులో నా మచ్చలు పలచబడతాయని మాటల్లో ఒకసారి చెప్పాను, అంతే.

మడతల గదిలో చేరి నేటికి పదకొండు రోజులు. గోడలు బూడిదరంగు, బల్ల చెక్కది, దాని వెనక దీపాల్లేవు. ఇక్కడ ఎవరూ నన్ను భూతద్దం అనరు. టీ టైంలో రేడియో వస్తుంది, ఏడో నంబరు ఇంకా ఎవరికీ ఇవ్వలేదని చెప్తుంది, చెప్పి నాలుక కరుచుకుంటుంది. పని కష్టం కాదు. గుడ్డ పరవాలి, అంచులు కలపాలి, మడవాలి.

ఇవాళ తెల్లటి గుడ్డ పరిచాను. పెద్దాయన దాని మధ్యలోకి వచ్చాడు, నల్లగా, గుండ్రంగా, స్పష్టంగా. చూడగానే నా కాలు తనంతట తాను నేలని గట్టిగా తొక్కింది. కింద పెడలు లేదు. ఏదీ ఆగలేదు.